కంప్యూటర్ నెట్‌వర్క్: మన ల్యాబ్ నేర్పిన తొలి పాఠాలు

మన సొసైటీ సాయంకాలపు చదువుల కేంద్రంలో ఉన్న పది కంప్యూటర్లూ మీరిచ్చినవే. ఎవరు ఏది ఇచ్చారో, ఏ నెలలో ఇచ్చారో రిజిస్టరులో రాసి ఉంది. అయితే ఆ పదింటినీ కలిపే నీలం రంగు తీగల గురించి, గోడకు బిగించిన చిన్న పెట్టె గురించి, దాని పక్కన లైట్లు మినుకుమనే మరో పెట్టె గురించి దాతలెవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు. నిజం ఒప్పుకోవాలంటే, చెప్పడానికి నాకే తెలియదు. నేను లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే టీచరును. బీఎడ్ చదివిన రోజుల్లో కంప్యూటర్ అంటే తాళం వేసి ఉంచే ఏసీ గది. చెప్పులు బయట విడిచి, వరుసగా లోపలికి వెళ్ళి, చూసి, తిరిగి వచ్చేవాళ్ళం. ముట్టుకున్నట్టు గుర్తులేదు.

అలాంటి నేను ఈ వయసులో నెట్‌వర్క్ పాఠాలు చదవడానికి ఒక కారణం ఉంది. అది చెప్పకుండా పాఠం మొదలుపెడితే మీకు న్యాయం చేసినట్టు కాదు.

స్కాలర్‌షిప్ దరఖాస్తులకు అది చివరి రోజు. మన కేంద్రంలో పదహారు మంది పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం ఆరున్నరకు ఒక్కసారిగా పది కంప్యూటర్లలోనూ ఇంటర్నెట్ ఆగిపోయింది. తెలిసిన ఒక మెకానిక్‌ను పిలిపించాం. వచ్చి, లైట్లు చూసి, "స్విచ్ పోయింది సార్, రౌటర్ కూడా మార్చాలి" అని వేలల్లో ఒక అంకె చెప్పి, రేపు తెస్తానని వెళ్ళిపోయాడు. ఫోన్లలోని హాట్‌స్పాట్ పెట్టుకుని ఒక్కొక్కరి దరఖాస్తు పంపుతూ వచ్చాం. పదిహేను వెళ్ళాయి. పదహారో కుర్రవాడి ఆదాయ ధ్రువపత్రం ఎక్కుతూ ఎక్కుతూ ఉండగానే అర్ధరాత్రి పన్నెండు దాటింది. ఆ ఏడాదికి వాడి స్కాలర్‌షిప్ పోయింది. ఫీజు మీలో ఒకరు కట్టారు, పేరు రాయవద్దన్నారు.

మర్నాడు పదో తరగతి అమ్మాయి ఒకతె ఆ పెట్టె ముందు నిలబడి, "సార్, ఈ వైరు రెండు కొసలూ ఇందులోనే ఉన్నాయి, ఎందుకు?" అంది. చూస్తే నిజమే. ముందురోజు గది ఊడ్చిన పిల్లవాడు ఒక తీగ కొస కింద వేలాడుతుంటే, ఊడిపోయిందేమోనని ఖాళీగా ఉన్న రంధ్రంలో పెట్టేశాడు. అమ్మాయి ఒక కొస లాగేసింది. అన్ని లైట్లూ పిచ్చిపట్టినట్టు కొట్టుకోవడం ఆగి, మామూలుగా మినుకుమనడం మొదలుపెట్టాయి. పది కంప్యూటర్లూ పనిచేశాయి. పోయింది ఏమీ లేదు, కొనాల్సింది ఏమీ లేదు.

"ఎందుకలా ఆగిపోయింది సార్?" అని ఆ పిల్ల అడిగింది. నాకు జవాబు రాలేదు. ఆ వేసవి సెలవులంతా జవాబు వెతకడానికే పోయాయి. దొరికింది మీకు కూడా చెబుతాను.

ఉత్తరాన్ని ముక్కలు చేయడం

పాత టెలిఫోను ఎలా పనిచేసేదో మనలో చాలామందికి గుర్తే. ట్రంక్‌కాల్ బుక్ చేస్తే, మాట్లాడినంతసేపూ ఆ తీగ మన ఇద్దరిదే. మనం మౌనంగా ఉన్నా మూడో మనిషి దాన్ని వాడుకోలేడు. 1960లలో అమెరికాలో పాల్ బరాన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఒకరికొకరు తెలియకుండానే మరో పద్ధతి ఆలోచించారు. సమాచారాన్ని చిన్న ముక్కలు చేద్దాం, ప్రతి ముక్క మీదా పంపినవారి చిరునామా, చేరాల్సిన చిరునామా రాద్దాం, ఏ దారి ఖాళీగా ఉంటే ఆ దారిన పోనిద్దాం, అవతల మళ్ళీ కలుపుకుందాం అన్నది ఆ ఆలోచన. ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టినవాడు డేవిస్.

ఒక వంద పేజీల పుస్తకాన్ని పార్శిల్‌గా కాక వంద కార్డుల మీద రాసి, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి పోస్టు చేశామనుకోండి. కొన్ని విజయవాడ మీదుగా, కొన్ని హైదరాబాదు మీదుగా వెళ్ళవచ్చు. నలభయ్యోది ముందు, పన్నెండోది తర్వాత చేరవచ్చు. అందుకున్నవారు అంకెల వరుసలో పేర్చుకుంటే చాలు. ఒకటి పోతే ఆ ఒక్కటే మళ్ళీ అడగవచ్చు. ఒకే తీగ మీద వందమంది కార్డులు కలిసి ప్రయాణం చేయవచ్చు. మన ల్యాబ్‌లో పది మంది పిల్లలు ఒకే కనెక్షన్ వాడుకోగలగడానికి కారణం ఇదే.

ఈ పద్ధతిలో కట్టిన ఆర్పానెట్ మీద తొలి సందేశం 1969 అక్టోబర్ 29న కాలిఫోర్నియాలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి అదే రాష్ట్రంలోని ఒక పరిశోధన సంస్థకు వెళ్ళింది. 'లాగిన్' అన్న మాట పంపాలని మొదలుపెట్టారు. మొదటి రెండక్షరాలు చేరాయి, అవతలి యంత్రం ఆగిపోయింది. తర్వాత బాగుచేసి మొత్తం పంపారు. క్లాసులో పిల్లలకు ఈ కథ చెబితే, ల్యాబ్ ఆగిపోయిన ప్రతిసారీ కాస్త ధైర్యంగా ఉంటారు. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా.

గదిలోపల: తీగ, స్విచ్, దండోరా

ఇప్పుడు ఆ నీలం తీగ సంగతి. దాన్ని విప్పి చూస్తే లోపల ఎనిమిది సన్నని తీగలుంటాయి, రెండేసి చొప్పున నాలుగు జతలుగా మెలితిప్పి. ఆ మెలిక అందం కోసం కాదు. పక్కన పోతున్న కరెంటు తీగల వల్ల, పక్క జతల వల్ల వచ్చే అలజడి జతలోని రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. అవతలి కొసన రెండింటి మధ్య తేడా మాత్రమే చూస్తారు కనుక ఆ అలజడి కొట్టుకుపోతుంది. రెండు వైపుల నుంచి ఒకే సంఖ్య తీసేస్తే తేడా మారదని మనం ఆరో తరగతిలో చెప్పేదే ఇక్కడ పనిచేస్తోంది. కొసన పెట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ పిన్ను పేరు ఆర్‌జే-45. ఎనిమిది తీగలనూ రంగుల వరుస తప్పకుండా అందులోకి దూర్చి, క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎక్కువగా వాడే వరుస ఇది. మా పిల్లలు దీన్ని ఎక్కంలా వల్లించారు. నాకు కళ్ళజోడు ఉన్నా నాలుగో ప్రయత్నానికి గానీ కుదరలేదు.

ప్రతి కంప్యూటర్ నుంచి ఒక తీగ వచ్చి కలిసే పెట్టె పేరు స్విచ్. కరెంటు స్విచ్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇది తరగతి లీడరు లాంటిది, ఎవరు ఏ బెంచీలో కూర్చున్నారో గుర్తుపెట్టుకుంటుంది. ప్రతి కంప్యూటర్‌కూ, ప్రతి ఫోనుకూ తయారైనచోటే ఒక గుర్తు వేసి పంపుతారు. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. పన్నెండు అంకెలు, అక్షరాల పొడవు. మొదటి సగం తయారుచేసిన కంపెనీది, రెండో సగం ఆ వస్తువుది. ఏ రంధ్రం నుంచి ఏ గుర్తుగల కంప్యూటర్ మాట్లాడిందో స్విచ్ చూసి పట్టిక రాసుకుంటుంది. తర్వాత దాని పేరున వచ్చిన ముక్కను నేరుగా ఆ రంధ్రంలోకే పంపుతుంది.

మరి కంప్యూటర్‌కు అవతలి దాని గుర్తు ఎలా తెలుస్తుంది? దండోరా వేస్తుంది. క్లాసులోకి వచ్చిన అటెండరు "రోల్ నంబరు 14 ఎవరమ్మా?" అని అందరికీ వినపడేలా అడిగినట్టు. పద్నాలుగో నంబరు పిల్ల ఒక్కతే లేచి "నేనే" అంటుంది. ఇలాంటి దండోరా వచ్చినప్పుడు స్విచ్, అది వచ్చిన రంధ్రం తప్ప మిగిలిన అన్ని రంధ్రాల్లోకీ పంపుతుంది. అదే దాని ధర్మం.

ఇక ఆ సాయంత్రం ఏం జరిగిందో మీరే ఊహించవచ్చు. ఒక తీగ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో ఉన్నాయి. ఏదో కంప్యూటర్ ఒక దండోరా వేసింది. స్విచ్ దాన్ని అన్ని రంధ్రాల్లోకీ పంపింది, అందులో ఆ తీగ ఒక కొస ఉన్న రంధ్రం కూడా ఉంది. అది తీగ వెంట పరుగెత్తి రెండో కొస నుంచి మళ్ళీ స్విచ్‌లోకే వచ్చింది. స్విచ్‌కు అది కొత్త దండోరా! మళ్ళీ అన్నింట్లోకీ పంపింది. అది మళ్ళీ తిరిగి వచ్చింది. రెండో కొస నుంచి బయలుదేరింది మొదటి కొసకు వచ్చింది. ఇలా సెకనుకు వేలసార్లు. పిల్లల దరఖాస్తుల ముక్కలు దూరడానికి సందు లేకుండా పోయింది. దీన్ని బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటారు, దండోరాల తుఫాను. లైట్లన్నీ ఒకేసారి ఆగకుండా కొట్టుకోవడం దాని లక్షణం. ఆ లక్షణం తెలిసి ఉంటే ఐదు నిమిషాల పని.

ఈ జబ్బుకు మందు 1985లోనే ఉంది. రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికన్ ఇంజనీరు, స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని ఎక్కడైనా చక్రం ఏర్పడితే ఒక దారి మూసేసుకునే పద్ధతి కనిపెట్టారు. దాని పేరు స్పానింగ్ ట్రీ. ఆ ఇంజనీరు ఒక మహిళ అని చెప్పినప్పుడు మా బ్యాచ్ ఆడపిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. చవక రకం చిన్న స్విచ్‌లలో చాలావాటికి ఈ తెలివి ఉండదు. మనది ఆ రకమే.

చిరునామా

గుర్తు వేరు, చిరునామా వేరు. మనిషి పేరు ఎక్కడికి పోయినా మారదు, ఇల్లు మారితే చిరునామా మారుతుంది. మ్యాక్ అడ్రస్ పేరు లాంటిది, ఐపీ అడ్రస్ చిరునామా లాంటిది. దేశంలో కోట్ల మంది పేర్లు తెలిసినంత మాత్రాన పోస్టుమ్యాన్ ఉత్తరం ఇవ్వలేడు, ఊరు కావాలి.

మన పిన్‌కోడ్ చూడండి. 1972 ఆగస్టు 15న మొదలైంది. ఆరంకెల్లో మొదటిది ప్రాంతం. అది 5 అయితే మన రెండు తెలుగు రాష్ట్రాలు, కర్ణాటక. మొదటి మూడు అంకెలు కలిపితే ఉత్తరాలు వేరుచేసే జిల్లా, చివరి మూడూ పోస్టాఫీసు. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగికి మన వీధి తెలియనక్కరలేదు, 5 చూసి దక్షిణానికి పోయే సంచిలో వేస్తే చాలు. ఐపీ అడ్రస్ కూడా అలాగే ముందు పెద్ద ప్రాంతం, చివర ఇల్లు.

మన ల్యాబ్‌లో మొదటి కంప్యూటర్ అడ్రస్ 192.168.1.11. నాలుగు సంఖ్యలు, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. 255 ఎందుకు? ప్రతి సంఖ్య వెనకా ఎనిమిది గడులున్నాయి, ఒక్కో గడిలో 0 లేదా 1. రెండును ఎనిమిదిసార్లు గుణిస్తే 256. సున్నాతో మొదలుపెడితే చివరిది 255. నాలుగూ కలిపితే ముప్పైరెండు గడులు, అంటే సుమారు 429 కోట్ల చిరునామాలు. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది, ఒక్కో ఇంట్లో నాలుగు ఫోన్లు. సరిపోవు కదా అని మీరడగాలి. మా పిల్లలు అడిగారు. జవాబు తర్వాతి భాగంలో ఉంది.

అడ్రస్‌తో పాటు 255.255.255.0 అనే మరో వరుస కనిపిస్తుంది. దీన్ని సబ్‌నెట్ మాస్క్ అంటారు. భయపడే పేరే గానీ విషయం చిన్నది. 255 ఉన్నచోటి వరకూ ఊరు, సున్నా ఉన్నచోట ఇంటి నంబరు అని దాని అర్థం. 192.168.1 మన ఊరు, 11 ఇంటి నంబరు. 192.168.1.15కు ఏదైనా పంపాలంటే కంప్యూటర్ రెండింటి ఊరి భాగం పోల్చి చూసుకుంటుంది. ఒకటే ఊరు అయితే దండోరా వేసి నేరుగా ఇస్తుంది. వేరే ఊరు అయితే ఊరి పొలిమేరలో ఉన్న పోస్టాఫీసుకు అప్పగిస్తుంది. ఆ పోస్టాఫీసే రౌటర్. కంప్యూటర్ సెట్టింగులలో దాని చిరునామానే గేట్‌వే అని రాస్తారు. మన దగ్గర అది 192.168.1.1.

రౌటర్ నుంచి రౌటర్‌కు చేతులు మారుతూ ముక్క ప్రయాణిస్తుంది. ప్రతి ముక్క మీదా ఒక అంకె ఉంటుంది, ప్రతి రౌటర్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది. సున్నా అయితే ఆ ముక్కను పారేస్తారు. దారి తప్పిన ముక్కలు లోకమంతా తిరుగుతూ ఉండిపోకుండా ఈ ఏర్పాటు. స్విచ్ స్థాయిలో మాత్రం ముక్క మీద ఇలాంటి ఆయుష్షు రాయరు. మన ల్యాబ్‌లో దండోరా చావకుండా తిరగడానికి ఇదే అసలు కారణం. అమ్మాయి ప్రశ్నకు పూర్తి జవాబు నాకు ఇక్కడ దొరికింది. దొరికిన రోజు, ఆలస్యమైనా, ఫోన్ చేసి చెప్పాను.

వార్డెన్ దగ్గరి పుస్తకం

హాస్టల్లో వందమంది పిల్లలుంటారు. బయటికి ఒకటే చిరునామా. పిల్లలు రాసే ఉత్తరాలన్నీ వార్డెన్ చేతికి వస్తాయి. ఆయన పంపిన చిరునామా చోట హాస్టల్ చిరునామా వేసి, పక్కన ఒక నంబరు వేసి, ఆ నంబరు ఏ గది పిల్లవాడిదో తన పుస్తకంలో రాసుకుంటాడు. జవాబు వచ్చినప్పుడు నంబరు చూసి, పుస్తకం తిరగేసి, ఆ గదికి పంపుతాడు. మన రౌటర్ చేసేది అచ్చంగా ఇదే. 192.168తో మొదలయ్యే చిరునామాలు ఎవరైనా తమ ఇంట్లో వాడుకోవడానికి కేటాయించినవి. మీ ఇంట్లోనూ అదే ఉండవచ్చు, బయట లోకంలో అవి చెల్లవు. బయటికి కనిపించేది రౌటర్ చిరునామా ఒక్కటే. 429 కోట్ల కొరత ఇంతకాలం మనల్ని ఇబ్బంది పెట్టకపోవడానికి ఈ వార్డెనే కారణం. శాశ్వత పరిష్కారంగా 128 గడుల కొత్త చిరునామాలు, ఐపీవీ6, ఇప్పటికే వాడుకలోకి వచ్చాయి.

ఆ పక్కన వేసే నంబరును పోర్టు అంటారు. చిరునామా భవనానిదైతే పోర్టు గది నంబరు. వెబ్‌సైట్లు 80, 443 నంబరు గదుల్లో ఉంటాయి. 443లో మాట్లాడేటప్పుడు ఉత్తరం కవరులో పెట్టి అంటిస్తారు, 80లో పోస్టుకార్డు మీద రాసినట్టు దారిలో ఎవరైనా చదవవచ్చు.

దాతలు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఫోనులో డబ్బు పంపేటప్పుడు తాళం గుర్తు ఉంటే సురక్షితమని మీకు ఎవరో చెప్పే ఉంటారు. అందులో సగమే నిజం. కవరు అంటించి ఉందని మాత్రమే తాళం గుర్తు చెబుతుంది. కవరు అందుకునేవాడు మంచివాడా, మోసగాడా అన్నది దానికి పట్టదు. దొంగ సైట్లకూ తాళం గుర్తు ఉంటుంది. చూడవలసింది పేరు. వెబ్ చిరునామాను మనం ఎడమ నుంచి చదువుతాం గానీ దాని అధికారం కుడి నుంచి వస్తుంది. మొదటి గీత కంటే ముందున్న భాగం తీసుకుని, కుడి చివర నుంచి వెనక్కి చదవండి. అసలు యజమాని పేరు ఆ చివరే ఉంటుంది. ఎడమ వైపున ఏ సంస్థ పేరునైనా, ఏ బ్యాంకు పేరునైనా ఎవరైనా తగిలించుకోవచ్చు. విరాళాల సీజనులో వచ్చే లింకులను ఇలా ఒక్కసారి కుడి నుంచి చదివి గానీ నొక్కకండి.

పేర్ల సంగతి వచ్చింది కనుక అది కూడా. మనుషులకు పేర్లు గుర్తుంటాయి, యంత్రాలకు అంకెలు కావాలి. పేరు ఇస్తే అంకె చెప్పే టెలిఫోన్ డైరెక్టరీ లాంటి ఏర్పాటును 1983లో పాల్ మాకపెట్రిస్ రూపొందించారు. డీఎన్ఎస్ అంటారు. అంతకుముందు పేర్ల జాబితా మొత్తం ఒకే ఫైలులో ఉండేది, అందరూ దాన్ని తెచ్చుకునేవారు. డీఎన్ఎస్‌లో ఆ పని అంచెలంచెలుగా పంచారు. ఇక గదిలోకి వచ్చిన కొత్త కంప్యూటర్‌కు ఖాళీగా ఉన్న ఇంటి నంబరు ఇచ్చేది డీహెచ్‌సీపీ, సాధారణంగా రౌటరే ఆ పని చూసుకుంటుంది. కంప్యూటర్ అడ్రస్ 169.254తో మొదలైందంటే నంబరు ఇచ్చేవారెవరూ దానికి దొరకలేదని, తనంతట తానే ఒకటి పెట్టుకుందని అర్థం.

అందిందా, అందలేదా

ముక్కలు దారిలో పోవచ్చని చెప్పాను. మరి దరఖాస్తు మొత్తం చేరిందని నమ్మకం ఏమిటి? ఇందుకు టీసీపీ అనే మర్యాద ఉంది. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో దీన్ని ప్రకటించారు, 1983 జనవరి 1న ఆర్పానెట్ అంతా దీనికి మారింది. పల్లెలకు ఫోన్లు వచ్చిన కొత్తలో మాట్లాడినట్టే ఉంటుంది. "హలో, వినపడుతోందా?" "వినపడుతోంది, నా మాట వినపడుతోందా?" "ఆఁ, ఇక చెబుతున్నా." ఈ మూడు మాటల తర్వాతే సమాచారం మొదలవుతుంది. ప్రతి ముక్కకూ వరుస సంఖ్య, అందిన వాటికి అందినట్టు జవాబు. జవాబు రాకపోతే మళ్ళీ పంపుతారు. ఒకప్పుడు రిజిస్టర్డ్ పోస్టుకు తిరిగి వచ్చిన సంతకం కార్డు లాంటిది.

వీడియో కాల్‌కు తరచూ ఇంత మర్యాద పెట్టుకోరు. దుబాయిలో ఉన్న కొడుకు మాట అరక్షణం తెగితే దాన్ని ఐదు సెకన్ల తర్వాత తెచ్చి వినిపిస్తే ఏం లాభం? పోయింది పోనీ అని ముందుకు సాగే యూడీపీ అలాంటి పనులకు వాడతారు. మాట మధ్యలో గరగరలు అందుకే.

ఎక్కడ ఆగిందో కనుక్కోవడం

నాకు ఈ చదువులో అన్నిటికంటే నచ్చింది ఇది. నేను బోర్డు మీద లెక్క తప్పు వెతికించేటప్పుడు చెప్పేది, చివరి జవాబు చూడకండి, ఏ మెట్టు దాకా సరిగా ఉందో చూడండి అని. నెట్‌వర్క్ కూడా మెట్లుగానే కట్టారు. కింద తీగ, దానిమీద స్విచ్, దానిమీద చిరునామా, దానిమీద టీసీపీ, అన్నిటికన్నా పైన మనం చూసే వెబ్‌సైటు. పుస్తకాల్లో ఏడు మెట్లు చెబుతారు, పనికి ఐదు చాలు.

ఇప్పుడు మన కేంద్రంలో నెట్ రాలేదంటే పిల్లలు నా దగ్గరికి రారు. ముందు తీగ గుచ్చినచోట లైటు వెలుగుతోందా చూస్తారు. లేకపోతే తీగ మారుస్తారు. వెలిగితే కంప్యూటర్ అడ్రస్ చూస్తారు. 169.254 అయితే సంగతి మీకిప్పుడు తెలుసు. అడ్రస్ సరిగా ఉంటే గేట్‌వేకు పింగ్ ఇస్తారు. పింగ్ అంటే "ఉన్నావా?" అని తలుపు తట్టడం, మైక్ మస్ అనే ఆయన 1983లో రాసిన చిన్న ప్రోగ్రాము. గేట్‌వే పలికితే మన గది బాగున్నట్టే. తర్వాత 8.8.8.8 అనే బయటి చిరునామాను తడతారు. అది పలకకపోతే తప్పు కనెక్షన్ ఇచ్చినవారిది, ఫోన్ చేయాలి. అది పలికి వెబ్‌సైటు పేరు మాత్రం పలకకపోతే డైరెక్టరీ, అంటే డీఎన్ఎస్ చెడింది. ఈ వరుసను ఒక అట్ట మీద రాసి స్విచ్ పక్కన వేలాడదీశారు. ఆ రాత్రి ఈ అట్ట మా దగ్గర ఉంటే మొదటి పింగ్ దగ్గరే గేట్‌వే పలకదు, తప్పు గదిలోనే ఉందని తేలిపోయేది, తీగలు ఒక్కొక్కటిగా పీకి చూసేవాళ్ళం. పదహారో దరఖాస్తు తొమ్మిది గంటలకల్లా వెళ్ళేది.

మీరు అడగవలసిన ప్రశ్నలు

కంప్యూటర్లు ఇస్తే ఫోటో బాగా వస్తుంది. తీగకు ఫోటో రాదు. అయినా ఈసారి ఎక్కడైనా ల్యాబ్‌కు విరాళం ఇచ్చేటప్పుడు కొన్ని అడగండి. స్విచ్‌లో ఎన్ని రంధ్రాలున్నాయి? పది కంప్యూటర్లకు ఎనిమిది రంధ్రాలది కొని, రెండోది తగిలించి, తీగల చిక్కు తెచ్చుకున్నది మేమే. పదహారు రంధ్రాలది ఒక్కటి ఉంటే ఆ అయోమయమే ఉండేది కాదు. తీగలకు రెండు కొసల వద్దా ఒకే నంబరు చీటీ ఉందా? కరెంటు పోయినప్పుడు కంప్యూటర్లతో పాటు స్విచ్, రౌటర్ కూడా యూపీఎస్ మీద ఉన్నాయా? చాలాచోట్ల కంప్యూటర్లు వెలుగుతూనే ఉంటాయి, రౌటర్ ఆరిపోయి ఉంటుంది. క్రింపింగ్ టూల్, తీగ పరీక్షించే టెస్టర్ ఉన్నాయా? ఈ రెండూ కంప్యూటర్ ఖరీదుతో పోలిస్తే లెక్కలోకి రావు.

కనెక్షన్ వేగం గురించి ఒక చిన్న లెక్క. '100 ఎంబీపీఎస్' అంటే సెకనుకు 100 మెగాబిట్లు. మనం ఫైళ్ళను కొలిచేది బైట్లలో, ఎనిమిది బిట్లు ఒక బైటు. 100ను 8తో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు. 750 మెగాబైట్ల పాఠం వీడియో దింపుకోవడానికి, అన్నీ కుదిరితే, ఒక నిమిషం. పది మంది ఒకేసారి దింపుకుంటే పది నిమిషాలు. అందువల్ల ఆ వీడియోను ఒక కంప్యూటర్‌లో ఒక్కసారి దింపి, గదిలోపలి నెట్‌వర్క్ ద్వారా మిగిలిన తొమ్మిదింటికీ పంచుతున్నాం. గదిలోపలి పంపకానికి ఇంటర్నెట్ అక్కరలేదు, బిల్లూ పెరగదు. నెలనెలా పెద్ద ప్లాను తీసుకుందామని కమిటీలో వచ్చిన ప్రతిపాదనను ఈ లెక్క చూపించి ఆపాను.

ఆ పదో తరగతి అమ్మాయి ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉంది. ఆదివారాలు వచ్చి చిన్న పిల్లలతో తీగలకు పిన్నులు కొట్టిస్తోంది. స్కాలర్‌షిప్ పోయిన కుర్రవాడు ఆ తర్వాతి ఏడాది మొదటి రోజే దరఖాస్తు పెట్టాడు, వచ్చింది.

ప్రస్తుతం పని ఒకటి నడుస్తోంది. వెనక వైపు కుట్టు శిక్షణ గదికి కూడా ఒక కనెక్షన్ ఇవ్వాలని అడుగుతున్నారు. ఈ రాగి తీగకు వంద మీటర్లు హద్దు, అంతకు మించితే మధ్యలో ఒక స్విచ్ పెట్టాలి లేదా ఫైబర్ వేయాలి, ఖర్చు పెరుగుతుంది. దూరం వంద దాటుతుందని కమిటీలో అందరం అనుకున్నాం. పోయిన ఆదివారం పిల్లలు తాడు పట్టుకుని, స్విచ్ దగ్గర మొదలుపెట్టి, గోడ వెంట పైకి, వరండా మీదుగా, మెట్ల మలుపులన్నీ కలుపుకుని కొలిచారు. ఎనభై నాలుగు మీటర్లు వచ్చింది. నమ్మకం చాలక రెండోసారి నేను కొలిచాను. ఎనభై ఐదు.